ప్లాను గీసిన కాగితాలు ఎక్కడున్నాయి?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పట్టణ ప్రణాళిక పని చూసే అధికారులకు, ఆ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దలకు, నా తోటి ఎల్‌టీపీలకు, సర్వేయర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను తిరుపతిలో ఇళ్ల ప్లాన్లు గీసి, అనుమతుల కోసం ఆన్‌లైన్లో పెట్టే ఎల్‌టీపీని, అంటే లైసెన్సుడ్ టెక్నికల్ పర్సన్ని. మీ ఆఫీసుల మెట్లు ఎక్కి దిగడమే నా బతుకుతెరువు కాబట్టి మీ ఇబ్బందులు కూడా నాకు కొంత తెలుసు. సిబ్బంది తక్కువ, ఫోన్లు ఎక్కువ, పైనుంచి ఒత్తిడి, కిందినుంచి ఒత్తిడి. అయినా ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. ఒక పాత లేఅవుట్ ఫైలు కోసం అర్జీ పెట్టాం, సమాచార హక్కు కింద అడిగాం, అప్పీలుకు పోయాం, సోమవారం గ్రీవెన్సులో టోకెన్ తీసుకుని వరసలో నిలబడ్డాం. అన్నిచోట్లా వచ్చిన జవాబు ఒక్కటే వాక్యం: "సదరు ఫైలు రికార్డులో లభ్యం కాలేదు." ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే అది ఆ ఒక్క ఆఫీసు గొడవ అయిపోతుంది, మిగతా ఆఫీసులు హమ్మయ్య అనుకుంటాయి.

మేం అడిగింది ఒక లేఅవుట్ ఫైలు. 1980ల మొదట్లో మంజూరైన కాలనీ అది. అందులో పార్కుకు వదిలిన స్థలంలో ఇప్పుడు ఒక పక్క ప్రహరీ లేచింది, ఇంకో పక్క రేకుల షెడ్డు పడింది. ఇది పార్కు స్థలమని కాలనీవాళ్లు అంటారు. ప్రహరీ కట్టినాయన తన దస్తావేజు తీసి చూపిస్తాడు. దస్తావేజులో "పడమర: ఖాళీ స్థలం" అని ఉంటుందే కానీ ఆ ఖాళీ స్థలం ఎన్ని గజాలో, ఎవరిదో ఉండదు. తేల్చాల్సింది మంజూరైన ప్లాను, దాంతోపాటు ఉన్న ఫైలు. కాలనీ సంఘం దగ్గర ఎల్‌పీ నంబరు (లేఅవుట్ మంజూరు నంబరు) ఉంది, ఒక జిరాక్సు ఉంది. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ పార్కు హద్దూ పక్క ప్లాటు గీతా ఒకటైపోయాయి.

అసలు ప్రింటు లేకపోలేదు. రికార్డు రూములో పనిచేసిన ఒక పెద్దాయన పుణ్యమా అని చాలా ఏళ్ల కిందట నేను దాన్ని చూశాను. అమ్మోనియా ప్రింటు. వంకాయరంగు గీతలు వెలిసి గోధుమరంగుకు తిరిగాయి. ఫైల్లో పట్టేందుకు మడతల మీద మడతలు పెట్టారు, అందులో ఒక మడత సరిగ్గా పార్కు మీదుగా పోయింది. అక్కడ కాగితం చిరిగితే ఎవరో సెల్లోటేపు వేశారు. టేపు జిగురు పసుపెక్కి కింది అంకెల్ని తినేసింది. ప్లాను అంచున పెన్సిలుతో ఒక మాట: "వంక పోతున్నది. 20 అడుగులు వదలాలి." కింద పొడి సంతకం. రాసింది అప్పటి సూపర్‌వైజరో, సర్వేయరో. స్థలం మీదికి పోయి, ఎండలో నిలబడి, నీళ్లు ఎటు జారతాయో చూసి రాసిన మాట అది. తర్వాత ఇచ్చిన మంజూరు ఉత్తర్వులో ఆ ముక్క లేదు. జిరాక్సులో పెన్సిలు రాత పడలేదు. 2021 నవంబరులో ఆ కాలనీలోకి నీళ్లు సరిగ్గా ఆ వంక దారినే వచ్చాయి.

అందుకే ప్రణాళికా కాగితాలు అంటే సంతకం, ముద్ర పడిన ఆఖరి ప్లాను ఒక్కటే అనుకోవద్దని నా మనవి. ఫీల్డు బుక్కు, లెవెల్సు పుస్తకం, ట్రేసింగు బట్ట, చిత్తు ప్లాన్లు, తిప్పి పంపిన ప్లాన్లు, నోట్ ఫైలు, జనం ఇచ్చిన అభ్యంతరాలు, వాటి మీద జరిగిన విచారణ, ఇవన్నీ కలిపితేనే రికార్డు. ఏం నిర్ణయించారో ఆఖరి ప్లాను చెబుతుంది. ఎందుకు అలా నిర్ణయించారో, ఎవరు ముందే హెచ్చరించారో తెలియాలంటే మిగతా కాగితాలే దిక్కు. కోర్టు మెట్లెక్కినప్పుడూ, వాన ముంచినప్పుడూ అడిగేది వాటినే.

విలువ తెలిసినవాళ్లు వీటిని ఎలా దాచుకుంటారో చూడండి. పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ ప్రణాళికావేత్త 1914లో మన దేశానికి వచ్చాడు. ఆయన వెంట రావలసిన నగరాల ప్రదర్శన సామగ్రి, పటాలు, బొమ్మలు అన్నీ వేరే ఓడలో బయలుదేరాయి. మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ ఎమ్డెనే ఆ ఓడనూ ముంచేసింది. కాగితాలన్నీ సముద్రం పాలయ్యాయి. ఆయన మిత్రులు మళ్లీ ఊరూరా అడిగి కొత్త సామగ్రి పోగు చేసి పంపితే, 1915 మొదట్లో మద్రాసులోనే ప్రదర్శన జరిగింది. తర్వాత ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు తిరిగి, మధురై, తంజావూరు లాంటి గుడి ఊళ్ల మీద నివేదికలు రాశాడు. పాత వీధుల్ని కూలగొట్టి వెడల్పు చేయడం కాదు, అవసరమైన చోట కొద్దిగా కత్తెర వేస్తే చాలు అన్నది ఆయన వాదం. గుడి చుట్టూ పెరిగిన ఊరిలో ఉంటున్న మనకు ఆ మాట కొత్తేమీ కాదు. ఆయన ఉత్తరాలు, చిత్తు కాగితాలు, పటాలు ఈరోజుకీ గ్లాస్గోలో స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలోనూ, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోనూ జాబితా వేసి ఉన్నాయి. అమెరికాలో జాన్ నోలెన్, క్లారెన్స్ స్టయిన్ వంటి ప్రణాళికావేత్తల కాగితాలు కార్నెల్ విశ్వవిద్యాలయం దాచింది. చండీగఢ్‌కు లె కార్బూజియే కంటే ముందు ప్లాను వేసిన ఆల్బర్ట్ మేయర్ భారతదేశపు కాగితాలు చికాగో విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అంటే మన దేశంలో కట్టిన ఊరికి తొలి ఆలోచన ఏమిటో చదవాలంటే చికాగో పోవాలి. వాళ్లు గొప్పవాళ్లని నేను అనడం లేదు. వాళ్లకు ఒక గది, ఒక జాబితా, ఒక మనిషి ఉన్నారు.

మన కాగితాల సంగతి వేరు. రాజధాని మారినప్పుడల్లా, జిల్లా మారినప్పుడల్లా లారీ ఎక్కినవి అవి. చిత్తూరు ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. తిరుపతి మునిసిపాలిటీ 1886 నాటిది. మద్రాసు టౌన్ ప్లానింగు చట్టం 1920లో వచ్చింది. ఆ కాలపు ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు పోవాలి. 1953లో రాజధాని కర్నూలు, 1956లో హైదరాబాదు. 2014 తర్వాత అమరావతి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) 1981లో ఏర్పడింది, తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది, పక్క పంచాయతీలు కలిశాయి, ఆ పంచాయతీల్లో మంజూరైన లేఅవుట్ల పుస్తకాలు ఎవరి బీరువాలోకి పోయాయో దేవుడికెరుక. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలు కలిపి తిరుపతి జిల్లా చేశారు. ఫైళ్లు మళ్లీ మూటలయ్యాయి. ఇన్ని మార్పుల్లో కొన్ని కాగితాలు జారిపోవడం సహజమే, నేనూ ఒప్పుకుంటాను. ఏవి జారిపోయాయో ఎవరికీ తెలియకపోవడం మాత్రం సహజం కాదు.

ఇదే ఊళ్లో ఇంకో రకం రికార్డు కూడా ఉంది. తిరుమల, తిరుపతి గుళ్ల గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితులు నకళ్లు తీసి చదివితే, 1930ల్లో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చు వేయించింది. ఎవరు ఎన్ని పణాలు ఇచ్చారు, ఆ సొమ్ముతో దేవస్థానం ఊరిలో చెరువో కాలువో తవ్విస్తే వచ్చే ఆదాయంతో స్వామికి ఏ నైవేద్యం పెట్టాలి అన్న వివరాలు వాటిలో కనిపిస్తాయి. అయిదు వందల ఏళ్ల కిందటి కాలువ లెక్క దొరుకుతుంది. నలభై ఏళ్ల కిందటి కాలువ లెక్క దొరకదు.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. పాత ఇంటివాళ్లే దొంగల్లా నిలబడాల్సి వస్తోంది. బీపీఎస్ పథకం 2007లో, 2015లో, 2019లో వచ్చింది. అన్నిసార్లూ లెక్క 1985 జనవరి 1 నుంచి మొదలైంది. ఆ తేదీ తర్వాత అనుమతి లేకుండానో, ప్లాను తప్పించో కట్టిన ఇళ్లు జరిమానా కట్టి క్రమబద్ధం చేసుకోవాలి. మరి మా నాయన 1982లోనే అనుమతి తీసుకుని కట్టాడు అని చెప్పే కొడుకు పరిస్థితి ఏమిటి? రుజువు చూపాలి. రుజువు అంటే ఆనాటి బీఏ ఫైలు (ఇంటి అనుమతి దరఖాస్తు ఫైలు), మంజూరైన ప్లాను. ఇంట్లో ఉన్న కాపీ చెదలు తినేసింది. ఆఫీసులో ఉన్న కాపీ లభ్యం కాలేదు. బైరాగిపట్టెడ వైపు ఒక పెద్దావిడ నా దగ్గరికి ఒక పాత ట్రంకుపెట్టె మోయించుకుని వచ్చింది. అందులో ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, మొగుడి పెన్షన్ కాగితాలు ఏళ్లవారీగా దారంతో కట్టి ఉన్నాయి. ఒక్క రసీదూ పోలేదు. "నాయనా, నేను చదువుకోలేదు, అయినా అన్నీ దాచినా. అంత పెద్ద ఆఫీసు ఒక్కటి దాచలేదా?" అని అడిగింది. ఆమె కొడుకు మేడ మీద ఇంకో అంతస్తు వేయాలని బ్యాంకు లోనుకు పెట్టుకున్నాడు. బ్యాంకు వాళ్లు మొదట అడిగింది పాత ప్లానే. తప్పు చేసినవాడూ, చేయనివాడూ ఒకే వరసలో నిలబడి, ఇద్దరూ ఒకే జరిమానా కట్టే పరిస్థితి తెచ్చింది ఆ పోయిన ఫైలు.

2. పార్కులు కరిగిపోతున్నాయి. ఇప్పటి నిబంధన ప్రకారం లేఅవుట్లో పది శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. పాత లేఅవుట్లలోనూ ఎంతో కొంత వదిలారు. ఆ స్థలం ఎక్కడ, ఎంత, గిఫ్ట్ డీడ్ అయిందా లేదా అన్నది ఫైల్లోనే ఉంటుంది. ఫైలు కనిపించని కాలనీల్లో ఖాళీ స్థలానికి కొత్త సర్వే నంబరు, కొత్త ఇంటి నంబరు ఎంత తేలిగ్గా పుడతాయో నేను వేరే చెప్పాలా? పిల్లలు రోడ్డు మీద క్రికెట్ ఆడుకుంటారు. సాయంత్రం నడవాల్సిన షుగర్ పేషెంట్లు ఆటోల మధ్య నడుస్తారు.

3. నీళ్ల దారి మరిచిపోయాం. 2021 నవంబరు వానలకు ఊరు మునిగింది. కొరమేనుగుంట నుంచి ఆటోనగర్ దాకా మోకాలి లోతు నీళ్లు, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించడం ఎవరూ మరిచిపోలేదు. శ్రీకృష్ణానగర్‌లో భూమిలో పాతిన సిమెంటు వరల తొట్టి పైకి లేస్తే జనం తిరణాలకు పోయినట్టు పోయి చూశారు. నేల నిండా నీళ్లుంటే ఖాళీ చేసిన తొట్టి తేలుతుంది, అందులో మాయేం లేదు. మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: కొండ మీది నుంచి కపిలతీర్థం పక్కగా దిగే నీళ్లు, ఊరి చుట్టూ ఉన్న గుంటల మొరవ నీళ్లు పూర్వం ఎటు పోయేవి? గ్రామ పటాల్లో, ఎఫ్‌ఎంబీల్లో (సర్వే కొలతల పుస్తకాల్లో) వంకల గీతలు ఉంటాయి. లేఅవుట్ ఫైలు లోపల సర్వేయరు రాసిన నోటు ఉంటుంది. కొత్తగా డ్రైనేజీ ప్లాను వేసేవాళ్లు ఆ నోట్లు చూడకుండా శాటిలైట్ బొమ్మ మీద గీతలు గీస్తే, ఇళ్లు కట్టేసిన తర్వాతి నేల కనిపిస్తుందే కానీ ముందటి నేల కనిపించదు. వాన మాత్రం ముందటి నేలనే గుర్తుపెట్టుకుంటుంది.

4. రోడ్డు వెడల్పు లెక్కలు రెండువైపులా తప్పుతున్నాయి. రోడ్డుకు స్థలం పోయినవాడికి టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు అదనంగా కట్టుకునే హక్కు పత్రం) ఇవ్వాలంటే, ఆ స్థలం ఇంతకుముందే లేఅవుట్లో రోడ్డుకు వదిలిందా కాదా చూడాలి. పాత ప్లాను లేకపోతే నిజంగా స్థలం పోగొట్టుకున్న చిన్న కొట్టు యజమాని ఏళ్ల తరబడి తిరుగుతాడు. ఎప్పుడో వదిలేసిన స్థలానికి ఇంకొకడు మళ్లీ బాండు పుచ్చుకుంటాడు. మొదటివాడికి అన్యాయం, రెండోది ఊరందరి సొమ్ము. టీడీఆర్ల మీద తిరుపతిలో ఎంత రచ్చ జరిగిందో అందరూ పేపర్లలో చదివారు, దాని జోలికి నేను పోను.

5. జనం రాసిన మాటలూ పోతున్నాయి. డ్రాఫ్టు మాస్టర్ ప్లాను ప్రకటించి అభ్యంతరాలు, సలహాలు ఇమ్మంటారు. రైతు తన పొలం మీదుగా వచ్చే రోడ్డు గురించి రాస్తాడు, కాలనీ సంఘం శ్మశానం దారి గురించి రాస్తుంది. ఆ ఉత్తరాలు చదివారా, ఏం జవాబు చెప్పారు అన్నది పదేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు. మళ్లీ డ్రాఫ్టు వస్తుంది, మళ్లీ అదే ఉత్తరం మొదటినుంచి రాయాలి.

6. ఇది రాయడానికి మొహమాటంగా ఉంది. ఆఫీసులో దొరకని ప్లాను బయట దొరుకుతుంది. ఎవరి దగ్గర దొరుకుతుందో మా ఎల్‌టీపీలకు తెలుసు, మీకూ తెలుసు. కాపీకి ఇంత, ముద్ర కనబడేలా కావాలంటే ఇంత. ప్రభుత్వ రికార్డు ప్రభుత్వం దగ్గర లేక, దళారి ఇంట్లో భద్రంగా ఉండటం కంటే సిగ్గుచేటు ఏముంటుంది? ఆ కాపీని నమ్మి కొన్నవాడికి అది అసలుదో, కంప్యూటర్లో వండిందో పోల్చి చూసుకునే దారి లేదు.

చట్టం గురించి రెండు మాటలు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(ఎ) ప్రకారం ప్రతి కార్యాలయం తన రికార్డులన్నిటికీ జాబితా, సూచిక వేసి ఉంచాలి. ఇది ఎవరో అడిగినప్పుడు చేసే పని కాదు, అడగకముందే చేసి ఉండాల్సింది. ఇరవై ఏళ్లు దాటిన సంగతులకు మినహాయింపులు చాలా వరకు వర్తించవని సెక్షన్ 8(3) అంటోంది. ఫైలు కనబడలేదు అనేసి చేతులు దులుపుకుంటే సరిపోదని, గట్టిగా వెతకాలని, పోయిందంటే బాధ్యులెవరో విచారించాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది. "లభ్యం కాలేదు" అనే మాట మీకు జవాబులా కనిపిస్తోంది. చట్టం దృష్టిలో అది విచారణకు మొదలు.

ఇక ఆఫీసు మాన్యువల్ సంగతి. ముగిసిన ఫైలుకు ఆర్‌డిస్ అని వేస్తే శాశ్వతం, డీడిస్ అని వేస్తే పదేళ్లు, ఎల్‌డిస్ అని వేస్తే ఏడాది. ఈ ఒక్క అక్షరం వేసేది సాయంత్రం బస్సుకు తొందరపడుతున్న ఒక క్లర్కు. ఇల్లు నిలిచేది యాభై, అరవై ఏళ్లు. ఆ ఇంటికి ఆధారమైన కాగితం పదేళ్లకే కాటా ఎక్కితే ఎలా? పోనీ దాచినవి అయినా క్షేమమా అంటే, ఒకప్పటి మన ఉమ్మడి జిల్లాలోని మదనపల్లె సబ్‌ కలెక్టర్ ఆఫీసులో 2024 జులై 21 రాత్రి మంటలు లేచి ఫైళ్లు కాలిపోవడం చూశాం. ఒకే గదిలో ఒకే కాపీ ఉంటే ఒక్క రాత్రి చాలు.

ఇప్పుడంతా ఆన్‌లైన్ కదా అనేవాళ్లకు ఒక మాట. ఆన్‌లైన్ పద్ధతి మంచిదే, నా పనీ తేలికైంది. కానీ పోర్టల్ మారినప్పుడు పాత పోర్టల్లోని డ్రాయింగులు ఎక్కడికి పోతున్నాయి? మాస్టర్ ప్లాను వేసే కన్సల్టెంటు సర్వే డేటా మొత్తం తన దగ్గరే ఉంచుకుని, మనకు రంగురంగుల పీడీఎఫ్ ఒకటి చేతిలో పెట్టిపోతే, దాన్ని కాస్త పెద్దది చేసి చూడగానే గీతలు మసకబారతాయి. రేపు నా కొడుకు వయసువాళ్లు ఇదే ఉత్తరం పీడీఎఫ్‌ల గురించి రాసుకోవాలి.

రిటైరైన పెద్దలతో విడిగా కొంచెం మాట్లాడాలి. సార్, మీలో చాలామంది ఇళ్లలో అటక మీద ట్రేసింగు చుట్టలు, ఫీల్డు బుక్కులు, సైటు ఫొటోలు, డైరీలు ఉన్నాయని నాకు తెలుసు. రాట్రింగు పెన్నుతో మీరు రాసిన అక్షరాలు చూసే మా తరం డ్రాయింగు నేర్చుకుంది. మీరు వాటిని ఇష్టంతో దాచుకున్నారు, మీ పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్ల వాడికి వేస్తారు. అందుకు వాళ్లను అనలేం. బయట పెట్టడానికి మీకున్న భయం కూడా అర్థమవుతుంది: ఆఫీసు కాగితం నీ ఇంట్లో ఎందుకుంది అని ఎవరైనా మెమో ఇస్తే పెన్షన్ దాకా వస్తుందన్న టెన్షన్. ఆ భయం తీర్చే బాధ్యత అధికారులదే. కింది కోరికల్లో దాన్నీ చేర్చాను.

మా కోరికలు ఇవి.

1. ఆన్‌లైన్ అనుమతులకు ముందటి లేఅవుట్ ఫైళ్లు, మాస్టర్ ప్లాను షీట్లు, ఫీల్డు బుక్కులు, బీఏ రిజిస్టర్లు ఏవేవి ఉన్నాయో ప్రతి కార్యాలయం మూడు నెలల్లో జాబితా వేయాలి. నంబరు, సంవత్సరం, గ్రామం, కాగితం స్థితి రాస్తే చాలు. లేనివి లేవని అదే జాబితాలో రాయాలి. దాన్ని నోటీసు బోర్డులోనూ, వెబ్‌సైటులోనూ పెట్టాలి.

2. జాబితా పూర్తయ్యే దాకా ఒక్క కాగితం కూడా తూకానికి వేయొద్దు, తగలబెట్టొద్దు, వేరే బిల్డింగుకు తరలించొద్దు. లేఅవుట్, మాస్టర్ ప్లాను, నీటి దారులకు సంబంధించిన ఫైళ్లన్నీ శాశ్వతం అని ఉత్తర్వు ఇవ్వాలి.

3. పోయిన ఫైలును తిరిగి కట్టాలి. పై కార్యాలయంలో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో, బ్యాంకుల్లో, కాలనీ సంఘాల దగ్గర ఉన్న కాపీలు తెప్పించి, అందరి ముందు విచారణ జరిపి, తిరిగి కట్టిన ఫైలు అని ముద్ర వేయాలి. ఆ ఖర్చు అర్జీదారు మీద వేయకూడదు. ఫైలు లేదన్న కారణంతో ఇంటివాళ్లను తప్పుపట్టడం అప్పటిదాకా ఆపాలి.

4. స్కాన్ చేసేటప్పుడు పెద్ద స్కానరు మీద, రంగుల్లో, రెండువైపులా తీయాలి. ఫోన్లో ఫొటో తీస్తే పెన్సిలు రాత రాదు. స్కాన్ అయింది కదా అని అసలు పారేయకూడదు. లేఅవుట్లు, మాస్టర్ ప్లాన్లు అందరికీ కనిపించాలి. ఇళ్ల లోపలి ప్లాన్లు మాత్రం ఆ ఇంటివాళ్లకే ఇవ్వాలి, ఎవరి పడకగది ఎటు ఉందో ఊరందరికీ అక్కర్లేదు.

5. తిరుపతిలో ఒక గది ఇవ్వండి. మామూలు మనిషి వచ్చి, పేరు రాసి, కూర్చుని, పటం చూసుకుని పోయేలా ఉండాలి. కాగితాన్ని కాపాడటం ఎలాగో నేర్పేవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. తాళపత్ర గ్రంథాలను భద్రం చేసిన ప్రాచ్య పరిశోధనా సంస్థ ఎస్వీ యూనివర్సిటీలో ఉంది. వాళ్ల సాయం అడగండి.

6. కన్సల్టెంట్ల ఒప్పందాల్లో సర్వే డేటా, చిత్తు డ్రాయింగులు, జనం అభ్యంతరాలు, వాటి జవాబులు అప్పగించాకే ఆఖరి బిల్లు అని షరతు పెట్టాలి.

7. రిటైరైనవాళ్లు ఇచ్చే కాగితాలకు రసీదు ఇవ్వాలి, ప్రశ్నలు వేయకూడదు. ఏడాదిపాటు ఎవరు ఏది తెచ్చి ఇచ్చినా చర్య ఉండదని రాతపూర్వకంగా ప్రకటించాలి. అసలు ఇవ్వడం ఇష్టం లేనివాళ్ల దగ్గర స్కాన్ చేసుకుని అక్కడే తిరిగి ఇచ్చేయాలి.

మనుషులు లేరు అన్న జవాబు ఈసారి చెప్పొద్దు. జాబితా రాయడానికి ఎల్‌టీపీలం శనివారాలు వచ్చి కూర్చుంటాం, సివిల్ చదివే పిల్లల్ని తీసుకొస్తాం. మీ సిబ్బంది ఒకరు తాళం తీసి పక్కన ఉంటే చాలు. ఆ తాళం గురించి అడిగితే ఒక అటెండరు నాతో, "అన్నా, ఆ రూము తాళంచెవి కనపడక చానా కాలమాయ, కిటికీలోంచి చూడు కావాలంటే" అన్నాడు. కిటికీలోంచి చూస్తే ఫైళ్ల మూటల మీద గోడ పెచ్చులు రాలి ఉన్నాయి.

అక్టోబరులో మళ్లీ వానలు మొదలవుతాయి. మొదటి జాబితా అంతకుముందే రావాలి. ఏ రూములో కప్పు కారుతుందో ప్రతి ఆఫీసులోనూ అటెండర్లకు తెలుసు. బీరువాలను దాని కింది నుంచి పక్కకు జరపడానికి ఏ జీవో అక్కర్లేదు, ఆ పని రేపే మొదలుపెట్టండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక ఎల్‌టీపీ